కొండలోని పిల్లకి శాపవిమోచనం

కాశీబుగ్గలో బస్సు దిగగానే ఇప్పటికీ కాల్చిన జీడిపిక్కల వాసన ఎదురొస్తుంది. మొదట కమ్మగా ఉండి, చివర్లో గొంతులో కాస్త గీరుకునే ఆ వాసన ఇతరులకి వ్యాపారం వాసన కావచ్చు. నాకు మాత్రం అది ఇంగ్లీషు పాఠం వాసన.

ఉద్దానంలో మా ఊరంతా కొబ్బరి నీడే. సరుగుడు తోటలకి అవతల సముద్రం పగలూ రాత్రీ ఏదో చెబుతూనే ఉండేది. సాయంత్రం ఎండ వాలాక మా పెరట్లో చాప పరిచి, పగలగొట్టి తీసిన జీడిపప్పు కుప్పగా పోసుకుని, దాని మీది ఎర్రటి పొరని చిన్న కత్తితో ఒలుస్తూ కూర్చునేది మా నాన్న చెల్లెలు సుందరత్త. అత్త పలాసలో కాలేజీ చదువు చదివి వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే నాకు జ్వరం వచ్చేది గనుక, నా భయం పోగొట్టే పని ఆమెకి అప్పగించారు. ఆమె ఒక్క మాట కూడా బట్టీ పట్టించలేదు. ప్రతి మాట వెనకా గ్రీకు దేశపు పాత దేవుణ్ణో రాక్షసుణ్ణో చూపించేది. బళ్లో మేము పటాలు చూసుకునే అట్లాసు పేరు, ఆకాశాన్ని భుజాల మీద మోస్తూ నిలబడ్డ ఒక మహాకాయుడి పేరట. అచ్చం మన ఆదిశేషుడిలాగే! భూమి చుట్టూ తిరిగే ఓషియానసు అనే నది దేవుడే ఓషన్ అయ్యాడని తెలిసిన రోజు, సముద్రం హోరు నాకు కొత్తగా వినబడింది. మేకకాళ్ల పాన్ దేవుడు అడవిలో గొర్రెల మందల్ని బెదరగొడితే పుట్టిన మాట పానిక్ అని చెప్పాక, తోటలో మేకలు బెదిరి పరుగెత్తినప్పుడల్లా మేము "పానిక్! పానిక్!" అని అరుస్తూ వాటి వెంట పడేవాళ్లం.

మా నాయనమ్మది భజన ప్రపంచం. శనివారం వచ్చిందంటే మా వసారాలో తాళాలూ మద్దెలా మోగవలసిందే. ఆమె ఒక్క మాట పాడితే పాతికమంది తిరిగి పాడేవారు. నాకు దేవుడి పేరు పలకడం నేర్పింది ఆమె ఒడే. ఈనాటికీ నామం అనుకోకుండా నాకు తెల్లవారదు. దీపం పెట్టాక చెప్పే కథ మంచిచోట ముగియాలనీ, శాపం ఉంటే దానికి విమోచనం ఉండి తీరాలనీ ఆమె నియమం.

ఒక కార్తీకమాసపు సాయంత్రం నాయనమ్మ తులసి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి, అత్త నాకు ఎకో కథ చెబుతోంది. ఎకో కబుర్లపోగు అయిన వనకన్య. ఆ కబుర్లతో దేవతల రాణిని ఏమార్చింది. రాణికి కోపం వచ్చి, ఇకమీదట సొంతంగా ఒక్క మాటా పలకలేవు, ఎదుటివాళ్ల ఆఖరి మాట మాత్రమే తిరిగి అనగలవు అని శపించింది. పాపం, ఆ పిల్ల కొండల్లో తిరిగి తిరిగి చిక్కిపోయి వట్టి గొంతుగా మిగిలింది. మన పిలుపుకి కొండల్లోంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, ఇంగ్లీషు వాళ్ల ఎకో, ఆమేనట.

"మరి సాపం ఎప్పుడు తీరినాది?" అంది నాయనమ్మ, వత్తి సరిచేస్తూనే.

"తీరనేదమ్మా. కత అంతే."

"ఏటీ! విమోచనం నేదా? ఆడపిల్లని కొండల్లో వొగ్గేసి ఎలిపోనారా అందరూ? సాపమిచ్చినామెకి తీర్సడం తెలీదేటే? ఇలాటి కతలు దీపం ముందర వొద్దు. రేపట్నించి ఈ పాటాలు కట్టు!"

నాకు ఏడుపు ఆగలేదు. కథ లేకపోతే ఇంగ్లీషు మాట నా తలలో నిలవదని నాకు తెలుసు. మర్నాటి నుంచి అత్త ఒట్టి మాటలే చెప్పేది. అవి ఈ చెవిన దూరి ఆ చెవిన పోయేవి.

కానీ నాకంటే నాయనమ్మే ఎక్కువ మథనపడింది. పాలు కాస్తూ, పూలు కడుతూ హఠాత్తుగా అత్తని అడిగేది: "ఆ పిల్ల ఇంకా కొండల్లోనే ఉంటాదేటి?" ఇంకోసారి, "ఆఖరి మాటయితే అనగలదు గదా?" అని అడిగి, తనలో తనే నవ్వుకుంది.

ఆ వారమే వనభోజనాలు. భజన వాళ్లమంతా ట్రాక్టరెక్కి టెక్కలి దారిలోని కొండ దగ్గరికి వెళ్లాం. ఉసిరిచెట్టు కింద పులిహోర, వంకాయ చిక్కుడుకాయ కూర, జీడిపప్పు పాయసం ఘుమఘుమలాడుతున్నాయి. విస్తళ్లు వెయ్యబోతుంటే నాయనమ్మ అందర్నీ కొండకేసి వరసగా నిలబెట్టి, ఎకో గోడు చెప్పింది.

"దేవుడి పేరు ఆ పిల్ల తనంతట తాను అననేదు. ముందు ఎవరో అనాల. మనం అందాం. నామమే ఆఖరి మాట సేద్దాం."

మద్దెల పైడయ్య ఊరుకోడుగా! "అత్తా, ఆ గుంటపిల్లకి తెలుగొచ్చునేటి?"

"నామానికి బాసేట్రా ఎర్రిమొకమా! నోర్ముయ్యి, కాదు, నోరు తెరు!"

"గోవిందా!" అని నాయనమ్మ గొంతెత్తింది. తర్వాత కొండ లోపల్నించి, సన్నగా, స్పష్టంగా, "గోవిందా" అని వచ్చింది.

అందరం ఒళ్లు మరిచి గెంతాం. నాయనమ్మ కళ్లు తుడుచుకుని, "ఇన్నారా, ఎంత సక్కగా అన్నాదో! ఎన్నాళ్ల ఆకలో" అంటూ మొదటి విస్తరి పులిహోర కొండ మొదట్లో పెట్టింది. తర్వాత అత్త వైపు తిరిగింది.

"ఓలె సుందరీ, రేపట్నించి పాటం సెప్పు. విమోచనం నేని కతలుంటే నాకు సెప్పు. మనం సూసుకుందాం."

నేను అత్త మెడకి వేలాడిపోయాను. ఆ చలికాలమంతా మా వసారాలో గ్రీకు శాపాలు తీరుతూనే ఉన్నాయి. అట్లాసు ఆకాశం మోసేది కూడా శిక్షేనని విని నాయనమ్మ, "గోవిందా అన్నప్పుడు రెండు సేతులూ బాగా ఎత్తండి, ఆయనకి కాసింత బరువు తగ్గుతాది" అని ఆజ్ఞ వేసింది. పాతికమందీ ఎత్తారు.

ఇప్పుడు ఒలుపు పని యంత్రాలది. పెరట్లో చాప లేదు, నాయనమ్మ లేదు. మొన్న టెక్కలి దారిన వెళుతూ కొండ దగ్గర దిగి చూశాను. ఉసిరిచెట్టు లేదు. కొండని రాయి కోసం సగానికి పైగా కోసేశారు. గోవిందా అని పిలిచాను. జవాబు రాలేదు. దిగులుగా అత్తకి ఫోన్ చేస్తే, పకపకా నవ్వింది.

"సాపం తీరిన పిల్ల ఇంకా అక్కడ కూసుంటాదేటే? అమ్మ ఆ రోజే పంపించీనాది గదా!"

నిజమే అనిపించి నేనూ నవ్వాను. శనివారం భజనలో మాత్రం, ఇంకా ఆకాశాన్ని మోస్తూ నిలబడ్డ ఆయన గుర్తొచ్చి, నా చేతులు అందరికంటే కాస్త ఆలస్యంగా దించుతుంటాను.