పదిహేడో నంబరు రోలరు

ఆ ఫోను కాస్త దగ్గరగా పెట్టు దీపూ. నేహా, నువ్వూ వచ్చి కూర్చో. పార్కులో ఆ పచ్చ రోలరు మీద జారి జారి ఎన్ని నిక్కర్లు చింపుకున్నావురా నువ్వు! దాని ఒంటి మీద ఒక పక్క రంగు కింద పదిహేడని అంకె లీలగా కనిపిస్తుంది కదా, అదెవరు రాశారని ఒక్కనాడైనా అడిగారా ఇద్దరూ? మన కరోల్ బాగ్ ఇంట్లో మీ పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషే రాసింది. మాణిక్యం మామ్మ దగ్గర చాక్లెట్లుంటాయని మాత్రం బాగా తెలుసు మీకు. సిగ్గులేకపోతే సరి.

మాణిక్యం మీ తాతయ్యకి అక్క, నాకు వదిన. వాళ్ళాయన రాజగోపాల్ అన్నయ్య కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చి ఇక్కడ కమేటీలో, అదే మున్సిపాలిటీలో, రోడ్డు రోలరు నడిపేవాడు. పొద్దున్నే వదిన కట్టిచ్చిన క్యారేజీ తీసుకెళ్ళి ఇంజను పక్కన రేకు మీద పెట్టేవాడు. మధ్యాహ్నానికి పప్పు పొగలు కక్కుతూ ఉండేది. "నా భార్య పొయ్యి మీంచి దించితే నా రోలరు మళ్ళీ ఎక్కిస్తుంది" అని నవ్వేవాడు. నలభై రెండేళ్ళకే జ్వరమొచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఆ ఉద్యోగం బదులు వదినకి స్టోరు యార్డులో చిన్న పని ఇచ్చారు.

ఏం పనంటారా? కమేటీకి అక్కర్లేని సామానంతా ఆ యార్డుకి చేరేది. విరిగిన కుర్చీలు, బీరువాలు, నీళ్ళ ట్యాంకర్లు, ఆగిపోయిన గడియారాలు. ముగ్గురు ఆఫీసర్లొచ్చి చూసి పనికిరాదని రాసేవాళ్ళు. ఆ తర్వాత మీకెవరికైనా కావాలా అని అన్ని ఆఫీసులకీ కాయితం వెళ్ళేది. పదిహేను రోజుల్లో ఎవరూ అడక్కపోతే వేలమే. ఆ కాయితాన్ని ఎవడూ చదివేవాడు కాదనుకోండి. వదిన ప్రతి సామాన్నీ తుడిచి, దాని మీద తెల్లరంగుతో నంబరు వెయ్యాలి.

స్టోరుకీపరు భరద్వాజ్ ఢిల్లీవాడే. "దీదీ, కబాడీ తుక్కుకి పోయే బీరువాకి పెళ్ళికూతురి ముస్తాబెందుకు?" అని ఆటపట్టించేవాడు.

"ఇన్నేళ్ళు పనిచేసింది భయ్యా, మొహం కడుక్కోకుండా పంపిస్తామా?" అనేది వదిన.

ఇంక ఏడాదిలో రిటైరవుతుందనగా అన్నయ్య నడిపిన రోలరే యార్డుకొచ్చింది. ఆ రోజు వదిన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూలబడింది.

"మల్లీ, రేకు మీద క్యారేజీ పెట్టిన గుండ్రటి మచ్చ ఇంకా అలాగే ఉందే" అంది నాతో. "కబాడీవాళ్ళు కొంటే తుక్కుకింద ముక్కలు కోస్తారు."

"అయితే నంబరు వెయ్యకండి వదినా! నంబరు లేందే వేలం వెయ్యరు కదా" అన్నాను. అంత తెలివి నాకు.

"ఛీ, నోరుముయ్. ఆయన ఒక్కరోజు పని ఎగ్గొట్టలేదు, నేను ఎగ్గొట్టనా?" అని మర్నాడు వెళ్ళి తుడిచి, పదిహేడు వేసి వచ్చింది. ఏడు కాస్త వంకర పోయింది.

కానీ ఊరుకుందా? ఎవరూ చదవని ఆ కాయితం ఉందే, అది చేత్తో పట్టుకుని బస్సెక్కి పార్కుల ఆఫీసుకెళ్ళింది. అక్కడ ఆఫీసరు రాధాకృష్ణమూర్తిగారు మన తెలుగాయనే. నేనూ వెంటెళ్ళాను.

"రోడ్డు రోలరు నేనేం చేసుకోనమ్మా? మట్టిలో నాటి నీళ్ళు పొయ్యనా?" అన్నాడాయన.

"నాటండి సార్, మీ మొక్కల్లా ఎండిపోదు" అంది వదిన.

ఆయన పగలబడి నవ్వాడు గానీ సంతకం పెట్టలేదు. వదిన రోజూ వెళ్ళి బల్ల ముందు కూర్చునేది. పదిహేనో రోజు నాలుగింటికి ఆయన విసిగిపోయి పెన్ను తీశాడు.

"ఇక్కడ 'దేనికి కావాలి' అని ఒక గడి ఉంది. దీంట్లో ఏం రాయమంటారు? ఇంజను పనిచెయ్యదు, కదలదు."

వదిన ఆ గడి మీద వేలు పెట్టింది. "పిల్లలెక్కడానికి అని రాయండి."

ఆయన అదే రాసి సంతకం పెట్టాడు.

కాయితం చీర కొంగులో దాచుకుని పరిగెత్తాం. దారంతా ట్రాఫిక్. యార్డుకి చేరేసరికి అయిదున్నర. అయిదుకే ఆఖరు. గేటు దగ్గర భరద్వాజ్ తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మర్నాటి వేలానికి లిస్టు సిద్ధం. వదిన కాయితం చాపింది. ఆయన చదివాడు, వదిన మొహం చూశాడు. తర్వాత లోపల గోడ మీద గడియారం చూశాడు. అది తొమ్మిదో నంబరు. ఆగిపోయి ఏడాదైంది, వదినే దాని మీద నంబరు వేసింది.

"పౌనే పాంచ్! అయిదుకి ఇంకా పావుగంట టైముంది దీదీ" అన్నాడు. లోపలికెళ్ళి ఠప్పున ముద్ర కొట్టాడు. మర్నాడు ఆ గడియారం వేలంలో పోయింది, రోలరు మిగిలింది.

ఇప్పుడైతే వేలాలన్నీ కంప్యూటర్లోనేనట. సామాను తుడిచేవాళ్ళే ఉండరు.

రోలరు మన పార్కుకొచ్చింది. పార్కువాళ్ళు పచ్చరంగు వేశారు, వంకర ఏడు మాత్రం అడుగున ఉండిపోయింది. రిటైరయ్యాక వదిన రోజూ సాయంత్రం తడిగుడ్డ తీసుకెళ్ళి, మీరు ఎక్కకముందే ఆ రేకు తుడిచేది. మీరు కిందా మీదా పడుతుంటే బెంచీ మీద కూర్చుని చూసేది. దిగండర్రా అని అరిచిన అమ్మల మీద మళ్ళీ తను అరిచేది, "ఎక్కనివ్వండి, దానికే తెచ్చింది!" అని. మొన్న శ్రావణంలో కూడా గుడ్డ తీసుకెళ్ళింది. తిరిగొచ్చి, గుడ్డ ఉతికి ఆరేసి, పడుకుంది. మరి లేవలేదు.

ఆవిడకి డెబ్భై మూడేళ్ళు.