పెనిమిటి గొంగడి

ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, బొంబాయి కామాటిపురలో, వరస గదుల చాల్‌లో మా పక్క గదిలో ఉండిన పెద్దమ్మ సంగతి చెబుతాను. ఎనభైల్లో చలికాలం వస్తే మేమంతా ఘాట్ కొండల మీద రోడ్డు పనికి పోయి, డేరాల్లో పడుకునేవాళ్లం. ఎవరు పక్క మూట కట్టినా పెద్దమ్మ విప్పి చూసేది.

"కప్పుకునేది గాదు బిడ్డా, కింద పర్సుకునేది సూడు. సలి భూమిలకెల్లి వస్తది," అనేది. గోనెసంచిలో ఎండుగడ్డి కూరి పరుపు చేయించేది.

ఒక ఏడాది అకాల వానకు ఎండుగడ్డి అంతా తడిసిపోయింది. మేమంతా దుప్పట్లు మడిచి కింద వేసుకున్నాం. పెద్దమ్మకు ఉన్నది చనిపోయిన పెనిమిటి గొంగడి ఒక్కటే.

"సగం కిందేసుకో పెద్దమ్మా, మాకు జెప్తివి గదా!" అన్నాను.

"బతికున్నప్పుడు శానా తిట్టిన. ఇప్పుడు తొక్కాల్నా?" అని నవ్వింది.

వట్టి నేల మీదే పడుకుని, గొంగడి పైన కప్పుకుంది. కొద్దిరోజులకే రొమ్ము పట్టేసి ఊపిరాడలేదు. బొంబాయికి దించి ఆసుపత్రిలో చేర్చాం. నర్సమ్మ గొంగడి మడిచి కాళ్ల దగ్గర పెడితే, మాట రాక, తల వైపు పెట్టమని చేత్తో చూపించింది. పెట్టాను. తెల్లారేసరికి పోయింది.

మీ ఇంట్లో ఎవరి వీపుకీ నేల చలి తగలకుండా ఉండాలి తల్లీ, మీ పక్కలు వెచ్చగా ఉండాలి.