ఆమె మోసిన నా ఆలస్యం

మా ఊరి అంగన్‌వాడీ టీచరు గారు పోయారన్న కబురు పోయిన మంగళవారం మధ్యాహ్నం తెలిసింది. పక్క ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. కేంద్రంలో ఆయా ఫోన్ చేసి, "మేడం, మా టీచరమ్మ ఇక లేదండీ. గుండెల్లో నొప్పంది, గుంటూరు చేరేలోపే..." అని ఏడ్చేసింది. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. అది ఎందుకో ఇక్కడ చెప్పుకోవాలి.

మా పాప చిన్నికి రెండున్నరేళ్లప్పుడు ఆవిడ కేంద్రానికి పంపడం మొదలుపెట్టాం. మూడు వారాలయ్యాక ఒకరోజు భోజనాల వేళ ఆవిడ మా స్కూలుకు వచ్చారు. చేతిలో ఒక నోటు పుస్తకం. రోజువారీగా రాసుకున్నారు: పేరు పెట్టి పదిసార్లు పిలిస్తే ఒక్కసారి తిరిగింది. నీళ్లు కావాలంటే అడగదు, నా చెయ్యి పట్టుకెళ్లి బిందె మీద పెడుతుంది. గిన్నె మూత తిప్పుకుంటూ గంటసేపు కూర్చుంది.

"మేడం, నాకు తెలిసింది తక్కువే. ఇట్టాంటివి కనపడితే తొందరగా చూపించమని మాకు శిక్షణలో చెప్పారు. ఒక్కసారి గుంటూరు తీసుకెళ్లండి" అన్నారు.

మా ఊరివాళ్లు ఎవరూ లేకపోయినా, స్టాఫ్ రూంలో నలుగురూ వింటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు గుడ్లూ పాలూ సరిగ్గా పంచండి, చాలు. మా పిల్ల సంగతి మాకు తెలుసు" అన్నాను.

"తప్పుగా అనుకోకండి మేడం" అని ఆవిడ పుస్తకం మూసుకుని ఎండలో నడిచి వెళ్లిపోయారు.

మర్నాడే పాపను మానిపించాను. అక్కడ శుభ్రత లేదని మా ఆయనతో చెప్పాను. పుస్తకం మాట ఎత్తలేదు. టౌన్లో కాన్వెంటుకి వ్యాన్ మాట్లాడాం. "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లదాకా మాటలు రాలేదే" అని మా అత్తయ్య అంటే, ఆ మాటే పట్టుకుని వేలాడాను. నాకు తెలియక కాదు. స్నానం చేయిస్తూ వెనకనుంచి పిలిచి చూసేదాన్ని. తిరగకపోతే, పంపు చప్పుడుకి వినపడలేదులే అని సర్దిచెప్పుకునేదాన్ని. ఏడాదిన్నర అలా గడిపాను.

ఒక ఆదివారం పాప ఇంట్లోంచి ఎటో వెళ్లిపోయింది. పేరు పెట్టి అరుస్తూ ఊరంతా తిరిగాం. ఊరి చివర కల్లాల్లో, ఎండబోసిన మిరపకాయల మధ్య ఉంది. కాయలు నలిపిన చేతులతోనే కళ్లు రుద్దుకుంది. పక్కనే ఇల్లున్న టీచరు గారు చూసి, ఒళ్లో పడుకోబెట్టుకుని కళ్లు కడుగుతున్నారు. మేం అంతకుముందే రెండుసార్లు ఆ పక్కనుంచి పిలుస్తూ వెళ్లాం. అంత మంటలోనూ పాప ఏడ్చిందే గానీ "అమ్మా" అని పిలవలేదు.

ఆవిడ నన్ను ఒక్క మాట దెప్పలేదు. "ఎప్పుడు వెళ్దాం మేడం?" అన్నారు, అంతే.

గుంటూరుకి మా ఆయనా నేనూ పాపతో వెళ్లాం. ఆవిడ సెలవు పెట్టుకుని తోడొచ్చారు. పిల్లల డాక్టరు గారు పాపను చాలాసేపు ఆడించి చూశారు, నోటు పుస్తకం మొదటినుంచి చదివారు. ఆటిజం అన్నారు. థెరపీ ఈ వారమే మొదలుపెట్టమన్నారు. తర్వాత తలెత్తి, "ఇవి ఏడాదిన్నర కిందట రాసినవి కదా. అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగారు.

మా ఆయన నా వైపు చూశారు.

"నాదే తప్పండీ" అన్నారు టీచరు గారు. "చెబితే ఏమనుకుంటారోనని భయపడి పుస్తకం నా దగ్గరే దాచుకున్నాను."

నేను తల దించుకున్నాను. కాదు అనలేదు.

వారానికి రెండుసార్లు బస్సులో గుంటూరు వెళ్లేవాళ్లం. అక్కడ నేర్పినట్టే బొమ్మ చూపించి పేరు అనిపించడం, అనబోతే ఇష్టమైన తిండి పెట్టడం ఇంట్లో రోజూ చేయించాలి. "బొమ్మ చూపించి బొరుగులు పెట్టడానికి గుంటూరు దాకా పోవాలా? అసలే పిల్ల నలిగిపోతోంది" అని అత్తయ్య అడ్డుపడ్డారు. టీచరు గారే వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, "పెద్దమ్మగారూ, అన్నం తినడం ఒక్కో ముద్ద పెట్టి నేర్పలేదా మనం? ఈ పిల్లకి మాట కూడా అట్టాగే ఒక్కో ముద్ద పెట్టాలి" అన్నారు. మరుసటి వారం బస్సులో పాపను అత్తయ్యే ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు.

పోయిన కాలాన్ని లాక్కురావాలని నాది ఒకటే తొందర. ఒకసారి గ్లాసు ఎత్తి పట్టుకుని "నీళ్లు అను, నీళ్లు అను" అంటుంటే పాప ఏడుపు అందుకుంది. టీచరు గారు గ్లాసు తీసుకుని తాగించేశారు. "దాహం తీరాకే పాఠం మేడం" అన్నారు. పాఠాలు చెప్పే ఉద్యోగం నాది.

పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. బడికి వెళ్తోంది. చిన్న చిన్న మాటలు కలిపి అడుగుతుంది, కొన్ని రోజులు అసలు మాట్లాడదు. ముందే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం ఆ లెక్క రోజూ వేసుకుంటాను.

డాక్టరు దగ్గర ఆవిడ అన్న మాట మా ఇంట్లోంచి బయటికి పాకి, ఊళ్లో ఆవిడ పేరు పోయింది. "తెలిసీ దాచిపెట్టిందంట" అని తల్లులు అనుకునేవాళ్లు. ఒకసారి ధైర్యం చేసి, "ఆ రోజు డాక్టరు గారి దగ్గర..." అని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపేశారు. "పోనీండి మేడం. మీ మాట ఇంట్లో చెల్లితేనే పిల్లకి పని జరుగుతుంది. నన్నయితే నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు."

ఎవరూ మర్చిపోలేదు. మంగళవారం సాయంత్రం ఆవిడను పడుకోబెట్టిన చోటే ఒకామె, "మంచి మనిషే గానీ, మేడం గారి పిల్ల విషయంలోనే పొరపాటు చేసింది" అంది. నా పక్కనే మా ఆయన, అత్తయ్య ఉన్నారు. అప్పుడూ కాదు అనలేదు.

ఇంటికి వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన, "ఆమెని ఎన్ని మాటలన్నాను నేను!" అన్నారు.

మర్నాడు పాపను తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. టీచరు గారి భర్త దండెం మీద ఆరిన బట్టలు తీస్తున్నారు. గుమ్మంలోనే నిలబడి నిజం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా. ఆ రోజే నాకు చెప్పింది" అన్నారు. "ఎవరితోనూ అనొద్దని ఒట్టేయించుకుంది."

ఊరందరికీ చెబుతానన్నాను. ఆయన మళ్లీ బట్టలు తీయసాగారు. దండెం మీద ఆఖరుగా ఆవిడ యూనిఫాం చీర మిగిలింది. ఆయన ఒక్కరే మడత పెట్టబోతే అది నేల మీద జీరాడింది. మా చిన్ని నా చెయ్యి వదిలించుకుని వెళ్లి, రెండో కొస ఎత్తి పట్టుకుంది. ఆయన వైపు చూడలేదు. చీర బిగువుగా నిలిచేదాకా వెనక్కి వెనక్కి నడిచి, కొస తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. వంగి, కిందికి జారిన మడత పట్టుకుని మళ్లీ వెనక్కి నడిచింది.