తిరగవాత పెట్టని ఇల్లు

మగ్గం మీద చీర ఉన్నన్నాళ్లూ మా అమ్మ తిరగవాత పెట్టదు. పోపుకు మా వైపు మాట అది. ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్లన్నీ ఇట్లాగే వండుకుంటాయని నేను చెప్పడం లేదు. వంటగది వేరే ఉన్నవాళ్ల ఇష్టం వాళ్లది. మాది ఒకటే గది. ఒక పక్క నేల తవ్వి, లోపలికి కాళ్లు దించుకొని నేసే గుంత మగ్గం, ఇంకో పక్క పొయ్యి. ఆవాలు చిటపటమన్నప్పుడు నూనె చుక్క ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పగలరు? పట్టు మీద మరక పడితే ఆ చీరను తీసుకుపోయి షావుకారు ముందు పరచలేం. పసుపూ అంతే. గోళ్లలో చేరిన పసుపు ఎంత తోమినా ఒక పట్టాన పోదు. నాయన అన్నం కలుపుకొని తిన్న వేళ్లతోనే మళ్లీ తెల్లటి పట్టుపోగు పట్టుకోవాలి. అందుకని మా ఇంట్లో కూరకు పసుపూ లేదు, తిరగవాతా లేదు.

అట్లాగని మేము చప్పిడి కూడు తిని పెరిగామనుకుంటే పొరపాటు. చలికాలం వస్తే అమ్మ అనపగింజలు నానబెట్టేది. మేమంతా చుట్టూ కూర్చొని ఒక్కో గింజా వేళ్ల మధ్య నొక్కి తోలు తీసేవాళ్లం. పితికిపప్పు అంటారు దాన్ని. ఆ పప్పు ఉడికించి, పచ్చికొబ్బరి, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర నూరి కలిపేది. దించే ముందు వేయించిన శెనక్కాయ విత్తనాలు, ఎండుమిరపకాయలు, పచ్చి తెల్లగడ్డలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి పైన చల్లి మూత పెట్టేది. మా అమ్మ ఆ మూత తీస్తే నాలుగిళ్ల అవతల మగ్గం ఆగిపోతుందని నాయన పరాచికాలాడేవాడు.

చీర కోసి దించిన రోజు మాత్రం తిరగవాత ఉండేది. బడి నుంచి వస్తూంటే వీధి మొదట్లోనే ఆవాలూ కరివేపాకూ వేగిన వాసన తగిలేది. చీర దిగిందన్నమాట. ఇంక సంచి ఎగరేసుకుంటూ పరుగే.

పెళ్లయ్యాక నేను హిందూపురం వచ్చేశాను. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని. ఆదివారాలు ఫోన్ పట్టుకొని తిండి వీడియోలు తీయడం మొదలుపెట్టాను. ఉగ్గాని బండ్లు, చిలమత్తూరు దారిలో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసే ఒక అవ్వ, ఇట్లాంటివి. కొన్నాళ్లకు మా వైపు తిండి పేజీలు నడిపేవాళ్ల వాట్సాప్ గ్రూపులో నన్నూ చేర్చుకున్నారు. దాని అడ్మిన్‌కు హిందూపురంలో సెల్ ఫోన్ల దుకాణం ఉంది. మనిషి మంచివాడే, ఆపదకు పలుకుతాడు. కానీ అతని లెక్కలో రాయలసీమ తిండి అంటే సంగటి, నాటుకోడి, కారం. అంతే. పళ్లెం ఎర్రగా లేకపోతే జేబులోంచి ఫోన్ తీయడు.

ఆ గ్రూపులో నాకు దగ్గరైంది పెనుకొండ అమ్మాయి ఒక్కతే. ముస్లింల ఇంటి కోడలు, వాళ్లకు చిన్న బేకరీ ఉంది. ఆమె ఏ వీడియో పెట్టినా, "బిర్యానీ ఎప్పుడు?" అని అడుగుతారు.

"మా ఇంట్లో దినామూ బిర్యానీ ఉడుకుతాంటాదనుకుంటారక్కా. మేం తినేదీ సంగటే, శెనక్కాయల ఊరిబిండే. అది మాత్రం మా చేతిది ఎవురికీ వద్దంట," అని నవ్వేది.

నాకు నవ్వు వచ్చేది కాదు. మన నోట్లోకి ఏం పోవాలో చూసేవాడు నిర్ణయించడం ఏమిటి?

మొన్న చలికాలంలో ఒక పెద్ద యూట్యూబ్ ఛానల్‌వాళ్లు మా గ్రూపును అడిగారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు ఊళ్లలో మూడు ఇళ్ల వంటలు తీసి పంపితే మా పేజీల పేర్లతో వేస్తామన్నారు. ధర్మవరానికి మా అమ్మ ఇల్లు అని నేనే ముందు చెప్పాను. నా పేజీకి అంతకంటే మంచి దారి దొరకదు. నాకు ఆశ లేదని బుకాయించను. అయితే దాన్ని మించిన ఆశ ఇంకొకటి ఉంది. మా అమ్మ కూరను ఆమె చేసినట్టే, ఏమీ కలపకుండా, నలుగురూ చూడాలి.

ఆ ఆదివారం అడ్మిన్, పెనుకొండ అమ్మాయి నాతో పాటు మా ఇంటికి వచ్చారు. మగ్గం మీద పెండ్లిచీర సగానికి వచ్చి ఉంది. నాయన నేస్తూనే ఉన్నాడు. అమ్మ పితికిపప్పు కూర ముగించి గిన్నె ముందుకు జరిపింది. అడ్మిన్ ఫోన్‌లో చూసుకొని మొహం ముడుచుకున్నాడు.

"ఇదేందక్కా, పథ్యం కూర మాదిరి పాలిపోయుండాది? తిరగవాత యాడ?"

"మేం పెట్టం. మగ్గం మీద చీరుండాది," అన్నాను.

"తిరగవాత చుయ్యిమనకపోతే ఎవురూ చూడరక్కా. రీలుకు ప్రాణమే ఆ సౌండు. చీర మీద దుప్పటి కప్పితే సరిపోతాది. లేదంటే పొయ్యి వీధిలో పెట్టుకుందాం. రోంత ఎర్రకారం కూడా చల్లుదాం."

"అది కాదబ్బా. ఈ కూరకు తిరగవాత లేదు. పెడితే ఇది మా కూరే కాదు."

"ఆ మాట ఛానలోళ్లకు చెప్పు. ఇట్లా పంపిస్తే తీసి పక్కన పడేస్తారు. నీ పేరూ పోతాది, మీ ఊరి పేరూ పోతాది."

నేను బదులు చెప్పేలోపే అమ్మ చిన్న బాణలి పొయ్యి మీద పెట్టింది.

"పోనీలేమ్మా, వచ్చినోళ్లు అడుగుతాండారు. నీకు మంచి జరుగుతాదంటే పెడతాలే," అని నూనె పోసింది.

మగ్గం చప్పుడు ఆగింది. నాయన గుంతలోంచి పైకి వచ్చాడు. దండెం మీది దుప్పటి తీసి, విదిలించి, చీర మీద కప్పాడు. మగ్గం దగ్గర తల కూడా దువ్వుకోనివ్వని మనిషి ఆయన. ఒక్క పోగు కూడా బయటికి కనపడకుండా దుప్పటి అంచులు సర్దుతున్నాడు. నా వైపు చూడలేదు. కూతురికి పనికొస్తుందంటే సరేననుకున్నాడు, అంతే.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ కోపమే ముందు వచ్చింది. నా పెళ్లి చూపుల రోజు, మగపెళ్లివాళ్లు వచ్చి కూర్చున్న రోజు కూడా ఈ ఇంట్లో మగ్గం మీద చీర ఉండగా ఆవాలు చిటపటమనలేదు. ఉప్మా పక్కింట్లో చేయించి తెచ్చారు. అట్లాంటిది, ఊరూ పేరూ తెలియనివాళ్ల చెవులకు ఇంపుగా ఉంటుందని మా నాయన తన పద్ధతి మీద తన చేత్తోనే దుప్పటి కప్పాలా? అదీ నా కోసమా?

పొయ్యి ఆర్పేశాను. బాణలి దించి గోడ వారగా పెట్టాను.

"ఉన్నది ఉన్నట్టు తీస్తే తియ్యి. కాదంటే ధర్మవరం లేకుండానే వేసుకోమను," అన్నాను.

"నీ ఒక్కదాని మొండితనానికి గ్రూపంతా మునగాల్నా?"

"మునగనీ. అబద్ధం చేసి తేలేదానికంటే అదే మేలు."

అతను స్టాండు మడుచుకొని వెళ్లిపోయాడు. అన్నం తిని పొమ్మని అమ్మ వీధి దాకా వెంటపడింది, మజ్జిగైనా తాగలేదు. తిరిగి వచ్చి నన్ను బాగానే తిట్టింది. మనిషిని ఆకలితో గడప దాటించావని, అడ్డగాడిదవని, అత్తగారింట్లో కూడా ఇట్లాగే ఉంటావా అని. నాయన దుప్పటి తీసి మళ్లీ దండెం మీద వేసి గుంతలోకి దిగాడు.

"నేను మాత్రం తినందే పోనత్తా. పెట్టు," అంది పెనుకొండ అమ్మాయి, పీట వాల్చుకుంటూ.

తిన్నాక ఆమే ఫోన్ పట్టుకుంది. మేమిద్దరమే వీడియో తీశాం. అమ్మ చేత మళ్లీ గుప్పెడు గింజలు పితికించాం. రోటి చప్పుడు, వెనక మగ్గం చప్పుడు. పాట పెట్టలేదు. ఈ కూరకు తిరగవాత ఎందుకు లేదో నేను నా గొంతుతో చెప్పి, ఫోన్‌ను మగ్గం వైపు తిప్పమన్నాను.

ఆ సాయంత్రమే నన్ను గ్రూపులోంచి తీసేశారు. నాకోసం మాట్లాడి పెనుకొండ అమ్మాయి తనే బయటికి వచ్చేసింది. ఛానల్‌లో ధర్మవరం వంట అని ఒక డాబా హోటల్లో వండిన నాటుకోడి వేశారు. ఎర్రగా, చుయ్యిమని. చాలామంది చూశారు, చూడనీ.

నా పేజీలో పెట్టిన మా వీడియో చూసినవాళ్లు తక్కువ, తిట్టినవాళ్లు ఎక్కువ. జ్వరం వచ్చినోళ్లకు పెట్టే కూడని ఒకరు. కారం లేని సీమ ఎక్కడిదని ఇంకొకరు. రాయలసీమ పరువు తీశావు, వీడియో తీసెయ్ అని ఎవరో పెద్దమనిషి. పోయిన ఆదివారం ధర్మవరం పోయినప్పుడు వాటిని అమ్మకు చదివి వినిపించాను. దాచిపెడితే ఇంకెవరో చెబుతారు. ఆమె చేటలో అనపగింజలు ఏరుతూ వింది. పరువు అన్న మాట దగ్గర చెయ్యి ఆపింది.

"ఈ కూడు తినే కదా మీ నాయన ఇన్నేండ్లూ చీరలు నేసింది? ఆ చీరలు కట్టుకోని పీటల మీద కూచ్చున్నప్పుడు యాడికి పోయిండాది వాళ్ల పరువు? అడుగు."

"ఇట్లే రాయనా?"

"రాయి. నేనే అన్న్యానని రాయి. భయమేంది నాకు?"

అక్కడే కూర్చొని, అక్షరం మార్చకుండా రాసి, అన్నిటికంటే పైన కనపడేట్టు పెట్టాను. గొడవ పెరుగుతోంది, అది తీసెయ్యమని అడ్మిన్ కబురు పంపాడు. తీయలేదు.