లక్సెట్టిపేటకు పదేళ్లు ఆలస్యంగా చేరిన చీర

సిరిసిల్ల హనుమండ్లు మరమగ్గం మీద నేసేది లంగా గుడ్డ. చెప్పుకునేది మాత్రం పట్టుచీరలని! ఆ గొప్పలే అతని పరువు తీశాయి.

పదేళ్ల కిందట గోదావరి పుష్కరాలకు లక్సెట్టిపేట పోయాడు. ఇసుకేస్తే రాలనంత జనం. పిల్లలతో రోడ్డున పడి తిప్పలు పడుతుంటే శంకరవ్వ అనే ఇల్లాలు పిలిచి తన పెంకుటింటి అరుగు ఇచ్చింది, రెండు రోజులు వండి పెట్టింది. పైసలిస్తే ముట్టలేదు. అప్పుడన్నాడు మహానుభావుడు:

"అక్కా, మాఘంల నీ బిడ్డ నవీన పెండ్లంటివి గదా. పెండ్లి చీర నేను నేసి పంపుత. ఫికర్ చెయ్యకు!"

పంపాడా? చీర నేయడం వస్తే కదా! రేపు మాపు అంటూ మాఘం దాటించాడు.

కిందటి నెల తన బిడ్డ పెండ్లికి కరీంనగర్‌లో చీర కొంటుంటే నవీన గుర్తొచ్చి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. రెండు కొన్నాడు.

లక్సెట్టిపేటలో బస్సు దిగితే అంతా కొత్తగా ఉంది. అరుగులు పోయి షట్టర్లు వచ్చాయి. నలుగురిని అడిగితే గానీ ఇల్లు దొరకలేదు. పెంకుటిల్లు స్లాబు ఇల్లయింది. శంకరవ్వ మాత్రం చూడగానే గుర్తుపట్టింది. చీర చేతిలో పెడితే పక్కింటామెను కేకేసింది.

"ఓ వినోదా, జర ఇటు రాయే! చీర వస్తదని చెప్తే నవ్వితిరి గదా. సూడు, తమ్ముడు నేసుకొచ్చిండు!"

హనుమండ్లుకు తల కొట్టేసినట్టయింది. "మరి పెండ్లికి ఏం కట్టింది అక్కా?" అని నసిగాడు.

"నువ్వు మాటిస్తివి, వేరే కొంటే నీకు నామోషీ అయితదని కొనలే. మూర్తంనాడు గూడ బస్టాండుకు మనిషిని తోలిన. రాకపాయె. బిడ్డకు నా పాతచీరే కట్టిన."

ఇక ఆగలేకపోయాడు. "ఇది కొన్నదక్కా. నాకు చీర నేసుడు రాదు. అబద్ధమాడిన."

"నీ నోట్లె మన్నువడ!" అంది వినోద.

శంకరవ్వ తిట్టలేదు. బిడ్డకు ఫోన్ కలిపి అతని చేతిలో పెట్టింది. "పాతచీరల పీటల మీద కూసున్నది అది. దానికి చెప్పు."

"అవ్వా, చెప్పు" అంది అటునుంచి గొంతు, తల్లే అనుకుని.

"నేను బిడ్డా... సిరిసిల్ల హనుమండ్లును."

"మామా, నువ్వానే!" అంది నవీన. "అప్పుడు నీకేమన్న ఆపదొచ్చిందేమోనని అవ్వ రెండు దినాలు అన్నం తినలే. మంచిగున్నవా?"