సొంత అక్క కొడుకు

ఆదివారం, రెండో పూజ అయ్యాక, ఉదయం పదీ పావుకు నా పెళ్ళి చిక్కు మొదలైంది. (మా కతోలిక గుడి గోడ మీది గడియారం ఏడు నిమిషాలు వెనక నడిచేది. దాన్ని సరిచేసే చెబుతున్నాను.) ఆ కాలంలో మా వైపు మనిషికి మనిషి ఏమీ కాకుండా ఉండడం కుదిరేది కాదు. మార్కాపురం బస్టాండులో టీ పోసేవాడు బాబాయి, గాజులమ్మే ఆమె వదిన, గిద్దలూరు బస్సు కండక్టరు మామ. పిలిచే వరుసను బట్టే పెళ్ళిళ్ళలో పనులు చేసేవాళ్ళం, చావుల్లో ఏడ్చేవాళ్ళం. ఎవరు రక్తసంబంధమో, ఎవరు వట్టి వరుసో మాకు తెలియక కాదు. తెలిసినా, మనిషి ఎదురుగా ఉండగా ఆ తేడా పైకి చెప్పడం చాలా తప్పు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పెళ్ళికొడుకుది రాచర్ల. వాళ్ళమ్మా మా నాయనా ఒకే పల్లెలో పక్కపక్క ఇళ్ళలో పుట్టారు. నాయన ఆమెను అక్కా అనేవాడు, నేను అత్తా అనేదాన్ని. రక్తసంబంధం మాత్రం చుక్క కూడా లేదు. నాయన పలకరాయి కోసే మిషను దగ్గర పనిచేసి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు. "ఇంట్లో శుభకార్యాలుంటే తొందరగా చేసుకోండి" అని డాక్టరు చెబితే, ఆ మాటను డాక్టరు పెట్టిన ముహూర్తంలాగా ఊరంతా చెప్పుకున్నాడు. ఆయనకు మిగిలిన కోరిక ఒకటే. మా గుళ్ళో పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని గుమ్మం నుంచి బలిపీఠం దాకా నడిపించుకెళతాడు. ఆ నడక నడవాలి. అందుకోసం ప్రతి సాయంత్రం వాకిట్లో సాధన చేసేవాడు. ఇంటి గడప గుడి గుమ్మం, మేకను కట్టే గుంజ బలిపీఠం. సగంలో నిలబడి దగ్గేవాడు. "మన గుడి అంత పొడుగుండదులే, నిదానంగా నడువు" అనేది అమ్మ. బలిపీఠం ఒక్కోసారి 'మే' అని అరిచేది.

పెళ్ళికి ముందు మా గుళ్ళో రెండు వైపుల పెద్దలనూ కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. తర్వాత మూడు ఆదివారాలు పూజలో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమని. మూడో ప్రకటన అయిన మంగళవారమే పెళ్ళి అనుకున్నాం. ఎందుకంటే ఆ మరుసటి వారం విభూది బుధవారం. అక్కణ్ణుంచి ఈస్టరు దాకా తపస్సు కాలం, పెళ్ళిళ్ళుండవు.

ఫాదర్ గారు కేరళ నుంచి కొత్తగా వచ్చినవారు, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవారు. "వరుని కుటుంబం మీకు ఏ విధంగా పరిచయం?" అని ఆ ఆదివారం నాయనను అడిగారు.

"పరిచయమేంది ఫాదర్ గారూ! మా అక్క కొడుకే గదా."

రాస్తున్న పెన్ను ఆగింది. "సొంత అక్కా?"

అత్త అదే బెంచీ మీద ఉంది. తల తిప్పి నాయన వైపు చూసింది.

"సొంతం గాకపోతే? ఒక కంచంలో తిన్నోళ్ళం. మనిషిని పక్కన పెట్టుకోని అట్ల అడగొచ్చా?" అన్నాడు నాయన నొచ్చుకుని. అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఫాదర్ గారు మాత్రం, సొంత అక్కాతమ్ముళ్ళ పిల్లలకు పెళ్ళి చేయాలంటే బిషప్ గారి అనుమతి కావాలని, అది వచ్చేదాకా ప్రకటన చదవనని చెప్పి కాగితం మడిచేశారు.

ఇంటికి రాగానే అమ్మ అందుకుంది. "అక్కంట, అక్క! పో, పోయి కాదని చెప్పిరా పో."

"ఆమె ముందర అన్న మాట. ఏ మొగం పెట్టుకోని ఎనక్కి తీసుకునేది?"

"పెండ్లి ఆగిపోతాంది!"

"బిషప్పు గారు పెద్దమనిషి. ఆయనకు తెల్దా?"

గోడ అవతల ఉండే బాప్టిస్టుల పిన్ని (ఆమె కూడా వట్టి వరుసే) తొంగిచూసి, "మా పాస్టరయితే ఈపాటికి పెండ్లి జేసి, బిరియాని గూడ తిని పోయుండేటోడు" అంది. ఆ మాటకు నాయన నవ్వబోయి దగ్గాడు, చాలాసేపు.

ఒక ఆదివారం ప్రకటన లేకుండా గడిచింది. నాయన మాట వెనక్కి తీసుకోలేదన్న సంగతి రాచర్ల చేరింది. సోమవారం మొదటి బస్సులో అత్త దిగి, నాయనను వెంటబెట్టుకుని నేరుగా ఫాదర్ గారి దగ్గరకు వెళ్ళింది. వెనక నేనూ వెళ్ళాను.

"అయ్యా, మేం అక్కాతమ్ముళ్ళం గాదు. మా యమ్మ వేరు, వాళ్ళమ్మ వేరు. పక్కపక్క ఇండ్లు, అంతే."

నాయన నేల చూస్తున్నాడు. "అంతేనా, అక్కా?" అన్నాడు.

"పెండ్లి కోసరం చెప్తాండా రా. నోరు మూసుకో" అంది అత్త.

ఫాదర్ గారు అద్దాలు తుడుచుకున్నారు. "మొన్న అక్క. నేడు అక్క కాదు. నేను దేనిని నమ్మాలి?" ఇద్దరి జ్ఞానస్నానాల పుస్తకంలో తల్లిదండ్రుల పేర్లు చూడాలన్నారు. ఆ పుస్తకం దోర్నాల దారిలో, వాళ్ళు పుట్టిన పల్లె గుళ్ళో ఉంది. అక్కడి ఫాదర్ గారు అడవి పల్లెలకు పూజలు చేయడానికి పోయి ఉన్నారు. నకలు విభూది బుధవారం ముందు రోజు సాయంత్రం వచ్చింది. తల్లులు వేరు, తండ్రులు వేరు. అంతా శుభ్రంగా ఉంది, పెళ్ళి చేయడానికి రోజు మాత్రం లేదు. (ప్రకటనలు లేకుండా చేయమని అడగొచ్చని తర్వాత తెలిసింది. దానికీ బిషప్ గారికే రాయాలట.)

నాయన నుదుట బూడిద పెట్టించుకుని వచ్చి, "ఈస్టరు ఎంతలో వస్తది?" అన్నాడు. వాకిట్లో నడక సగానికి తగ్గింది. తర్వాత మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకునేవాడు, "నడిచినట్టే అనుకో" అని. తపస్సు కాలం నాలుగో వారం, గురువారం మధ్యాహ్నం పోయాడు.

సమాధుల దగ్గర అత్త ఏడుపు చూసి ఎవరో, "ఆమె ఏమయితది?" అని అడిగారు. "సొంత ఆడబిడ్డ" అంది అమ్మ, ఏమాత్రం తడుముకోకుండా. ఫాదర్ గారు పక్కనే ఉండి విన్నారు. చేతిలోని ప్రార్థన పుస్తకంలో పేజీ తిప్పారు.

ఈస్టరు తర్వాత రెండో సోమవారం నా పెళ్ళయింది. పెళ్ళికొడుకు తల్లే పెళ్ళికూతుర్ని నడిపించడం చూసి గుళ్ళో కొందరు నవ్వారు. "తమ్ముడు నడవాల్సింది, నేను నడుస్తాండా. నవ్వేటోళ్ళు నవ్వండి" అని అత్త పైకే అంది. ఆమెవి పెద్ద అంగలు. ఇట్టే చేరిపోయాం.

మొన్న మనవరాలి పెళ్ళి మాటలకు అదే గుడికి వెళ్ళాను. ఇప్పటి ఫాదర్ గారు "అబ్బాయి మీకేమవుతాడమ్మా?" అన్నారు. "ఏమీ కాడు" అన్నాను. వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను. పక్కనున్న అబ్బాయి వైపు వియ్యపురాలు ముఖం అటు తిప్పుకుంది. ఇంటికి రాగానే ఆమెకు ఒక జాడీ మామిడికాయ పచ్చడి పంపాను. ఇంకా మాట్లాడడం లేదు. రేపు రెండో జాడీ పంపాలి. ఇరవై ఏళ్ళప్పుడు నాయనది వట్టి మొండితనం అనుకున్న పిల్లను తలుచుకుంటే, ఇప్పుడు కాస్త నవ్వొస్తుంది.

ఆ ఏడాది మాకు పోయినవి: మంగళవారం నాటి పెళ్ళి. నాయన. నాయనతో నడవాల్సిన నడక. మా అత్తకు, తమ్ముడు.