బర్రె కడుపుకు తోడు

నా చిన్నప్పుడు అర్థంకాని సంగతులు చాలానే ఉండేవి గానీ, మా బర్రె నెమరు వేయడం మానేసిన నాటి అయోమయం మాత్రం వేరు.

మాది కోసిగి దగ్గర ఒక మెట్ట ఊరు. ఆ ఏడు వానలు లేక అమ్మా నాయనా సుగ్గికి, అంటే కూలిపనులు వెతుక్కుంటూ దూరపు ఊళ్ళకు, వలస పోయారు. ఇంట్లో నేనూ మా అవ్వా ఒక పాడి బర్రే మిగిలాం. దాని పాలు టీ అంగడికి పోస్తేనే మా ఇద్దరికీ పూట గడిచేది. దానికి మాత్రం ఎప్పుడూ ఎండిన జొన్నసొప్పే. చూస్తే నాకు జాలేసేది. ఒక ఉదయం అవ్వ నీళ్ళకు పోయినప్పుడు మూలనున్న జొన్నల మూట విప్పి, గంపెడు గింజలు దాని ముందు పోశాను. ఒక్క గింజ మిగల్చకుండా తినేసింది. ఆ రోజంతా బడిలో నాలో నేనే మురిసిపోయాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బర్రె తల వేలాడేసి నిలబడి ఉంది. నోరు ఆడటం లేదు. పేడ నీళ్ళలా పడి పుల్లటి వాసన కొడుతోంది. అవ్వ దాని ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి, లోపల కడుపు కదులుతోందేమోనని చూసింది. తర్వాత పుల్లతో పేడను కదిపి చూసింది. అందులో అరగని జొన్నలు నాకూ కనిపించాయి. మంచి తిండి పెడితే జబ్బెలా చేస్తుందో నాకు బోధపడలేదు. పోయి జొన్నల మూట ముడి ఇంకాస్త బిగించి వచ్చాను. 

అవ్వ ముందు బర్రెకు తినే సోడా కలిపిన నీళ్ళు తాపి, నన్ను వెంటబెట్టుకుని ఎదురింటికి పోయింది. అక్కడ హొళగుంద వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక మామ ఉండేవాడు.

"అప్పా, నీ ఎద్దు నెమరు రోంత ఇయ్యప్పా. మా బర్రె కడుపు నిలిచిపోయింది," అంది అవ్వ.

"దానికేముందిలే అవ్వా. ఇప్పుడే పండుకోని నెమరేస్తాంది, తీసిస్తా," అన్నాడాయన.

ఎద్దు నోట్లో చెయ్యి పెట్టి, నములుతున్న పచ్చటి ముద్దను బయటికి లాగాడు. అట్లా రెండు మూడు ముద్దలయ్యాక అవ్వ వాటిని గోరువెచ్చని నీళ్ళలో కలిపి, వెదురు గొట్టంతో మా బర్రె గొంతులో పోసింది.

"ఎద్దు ఎంగిలి దీనికేమిటికవ్వా?" అని అడిగాను.

"పాలకు తోడెయ్యమా, అట్లే. మేతను అరిగిచ్చేది దాని కడుపులో ఒకటి ఉంటాది, కంటికి కనపడదు. ఉన్నట్టుండి అన్ని జొన్నలు పడేసరికి అది సచ్చిపోయింది. మంచి కడుపులోది తెచ్చి మళ్ళా తోడేస్తాండాం."

నా తికమక ఇంకా పెరిగింది. కడుపులో తోడు వేస్తే పాలకు బదులు పెరుగు వస్తుందా? కంటికే కనిపించనిదాన్ని నేనెలా చంపాను?

రెండు రోజులు పాలు లేవు. గంజి తాగి సరిపెట్టుకున్నాం. మామ పూటపూటా నెమరు ఇస్తూనే ఉన్నాడు. మూడో రోజు ఉదయం బర్రె దవడ నెమ్మదిగా ఆడింది. అవ్వ పాలు పితకగానే చెంబులో వేలు ముంచి చూశాను. అవి పాలే.

ఆ పూట అవ్వ మేత గంప తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంకమీద మేత నువ్వే ఎయ్యి పాపా. జొన్నలు ఇప్పుడొద్దు. కొన్నాళ్ళు పోయినాక పిడికెడు, ఆమీద ఇంకొంచెం. దాని కడుపు నేర్సుకోవల్ల గదా."

నాకు ఏడుపొచ్చింది. "నేనే ఏసినా అవ్వా," అన్నాను.

"తెలుసులే. సొప్ప దుమ్ముగా ఉంది, దులిపి ఎయ్యి."

ఇప్పుడు నా కొడుకు ఎమ్మిగనూరు దగ్గర నాలుగు బర్రెలను మేపుతున్నాడు. ఆదోని నుంచి ఈస్టు పొడి తెచ్చి దాణాలో కలుపుతాడు. కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులకు అది సాయమని, అయినా దాణాను కొద్దికొద్దిగానే మార్చాలని పశువుల డాక్టరు చెప్పాడట. అవ్వ చెప్పిన ఆ కనపడనిది ఏమిటో నాకిన్నేళ్ళకు తెలిసింది. తప్పు చేసిన చేతికే గంప ఎందుకిచ్చిందో మాత్రం తెలియలేదు.

మొన్న నా మనవరాలు పొడి పొట్లమంతా ఒకే తొట్టిలో కుమ్మరించి బిక్కచచ్చిపోయి నిలబడింది. కోప్పడబోయి ఆగాను. మరుసటి రోజు పొడి కొలిచే చెంచా ఆ పిల్ల చేతికే ఇచ్చాను. ఇస్తుంటే, మళ్ళీ ఎక్కువ పోస్తుందేమోనని నాకు భయమేసింది. గంప నా చేతికిచ్చిన రోజు అవ్వకూ భయం వేసే ఉంటుందని, అయినా ఇచ్చిందని అప్పుడే తట్టింది.